ఏఐ ఎఫ్‌డీపీ అయిపోయింది, క్లాసు మాత్రం మారలేదు: ఎక్కడ తేడా కొట్టింది?

విజయవాడలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, ఆన్‌లైన్ ఎఫ్‌డీపీల (అధ్యాపకులకి ఇచ్చే శిక్షణ కార్యక్రమాల) కోఆర్డినేటర్ పని కూడా నెత్తికెత్తుకున్నవాణ్ణి. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చింది. అప్పట్నుంచి ఇటు బెజవాడ, అటు గుంటూరు, మధ్యలో ఉన్న కాలేజీలు అన్నిటికీ 'ఏఐతో బోధన' అన్నది తప్పనిసరి తంతు అయిపోయింది. సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ 2025ను కృత్రిమ మేధ సంవత్సరంగా ప్రకటించాక జోరు ఇంకాస్త పెరిగింది. ఇలాంటివి కొన్ని నేనే నడిపాను, కొన్నింటిలో కెమెరా ఆపేసి మూలన కూర్చున్నాను. ఎదురైన తంటాలు, వాటి వెనకున్న అసలు కారణాలు, మాకు పనిచేసిన మందులు రాస్తున్నాను.

180 మంది లాగిన్‌లో ఉన్నారు, ప్రశ్న అడిగితే ఒక్కరూ పలకరు

తెర నిండా నల్ల డబ్బాలే. రిసోర్స్ పర్సన్ 'నా మాట వినిపిస్తోందా అండీ?' అని మూడోసారి అడుగుతారు. సమాధానం ఉండదు. 3:55 కాగానే చాట్‌బాక్స్‌కు ప్రాణం వస్తుంది. 'సార్, అటెండెన్స్ లింక్', 'మేడం, లింక్ ప్లీజ్', 'ఫీడ్‌బ్యాక్ ఫామ్ ఓపెన్ కావట్లేదండీ'.

మనవాళ్లకి ఆసక్తి లేదని తేల్చేయకండి. మధ్యాహ్నం రెండింటికి సెషన్ పెడితే అదే టైముకి వాళ్లకి ల్యాబ్ ఉంటుంది. ఒక చెవిలో ఇయర్‌ఫోన్, ఎదురుగా రికార్డుల మీద సంతకాలు. ఒకాయన గుంటూరు రైల్లో నిలబడి వింటూ, కృష్ణా కెనాల్ స్టేషన్ దాటేసరికి సిగ్నల్ పోయి మాయమయ్యారు. పైగా ప్రమోషన్ ఫైల్లోకి కావాల్సింది సర్టిఫికెట్. అది వచ్చేది లింకు నింపితే. అందుకే అందరి చూపూ లింకు మీదే.

మేం రెండు మార్పులు చేశాం. వరసగా ఐదు రోజులు కాకుండా వారానికి రెండు సాయంత్రాలు, 7 నుంచి 8:15 వరకు, మూడు వారాలు పెట్టాం. మధ్యలో క్లాసులో ప్రయత్నించి రావడానికి వ్యవధి దొరికింది. రెండోది, అటెండెన్స్ లింకు తీసేశాం. పాత అసైన్‌మెంట్ ఒకటి, దాన్ని మార్చి రాసింది ఒకటి, ఆ రెండింటికీ ఏఐ ఇచ్చిన జవాబులు పంపినవాళ్లకే సర్టిఫికెట్ అన్నాం. రిజిస్ట్రేషన్లు సగానికి పైగా పడిపోయాయి. ప్రిన్సిపాల్ గారి మొహం చిన్నబోయింది. నాకైతే బాధ లేదు. ఎనిమిదేసి మందిని సబ్జెక్టు వారీగా బ్రేకౌట్ రూముల్లో (ఆన్‌లైన్‌లోనే విడి చిన్న గదుల్లో) కూర్చోబెడితే, డబ్బాల్లోంచి మనుషులు బయటికి వచ్చారు.

శుక్రవారం చప్పట్లు, సోమవారం పాత నోట్సు

ఇది అన్నిటికన్నా ఎక్కువగా చూశాను. సెషన్‌లో లీవ్ లెటర్, ఫ్రెషర్స్ డే పోస్టరు, నిమిషంలో ఇరవై స్లైడ్లు చకచకా తయారవుతుంటే అందరూ 'అబ్బో' అంటారు. సోమవారం రెండో యూనిట్ చెప్పాల్సిన మేడంకి అందులో ఒక్కటీ పనికిరాదు. లీవ్ లెటర్ రాయడం ఆవిడ ఎప్పుడో నేర్చుకున్నారు.

మొదటి రోజు రాగానే మూడు కాగితాలు అడగండి: తన సిలబస్ పేజీ, పోయినేడాది మిడ్ పేపరు, పిల్లలు ఏటా బోల్తాపడే ఒక ప్రశ్న. అక్కణ్ణుంచి ఏ ఉదాహరణ అయినా వాటి మీదే. గుంటూరు నుంచి వచ్చిన మెకానికల్ మేడం ఒకరు 'ఎంట్రోపీ గురించి వివరించు' అని టైపు చేస్తే వచ్చింది పాఠ్యపుస్తకం లాంటి పేజీన్నర. అది ఆవిడకి ఎందుకు? బదులుగా ఇలా రాయించాం:

'నువ్వు రెండో సంవత్సరం మెకానికల్ విద్యార్థివి. ఎంట్రోపీ అంటే గందరగోళం అని తప్ప నీకేమీ తెలీదు. నేను పాఠం చెబుతాను. అర్థం కాని చోట ఒక్క ప్రశ్నే అడుగు. నేను చెప్పినదానికి వెంటనే సరే అనకు.'

మేడం ఉష్ణగతిక శాస్త్రంలో రెండో నియమం చెప్పారు, మొత్తం మీద ఎంట్రోపీ తగ్గదని. ఏఐ అడిగింది: 'నీళ్లు గడ్డకడితే వాటి ఎంట్రోపీ తగ్గుతుంది కదా మేడం, మరి నియమం తప్పినట్టేనా?' ఆవిడ కాసేపు ఆగారు. గడ్డకట్టేటప్పుడు బయటికి పోయే వేడి చుట్టుపక్కల ఎంట్రోపీని పెంచుతుంది, రెండూ కలిపి చూడాలని చెప్పారు. తర్వాత మ్యూట్ తీసి, 'ఈ ప్రశ్న నన్ను పిల్లలెవరూ అడగలేదండీ, అడిగుంటే బావుండేది' అన్నారు. ఆ ప్రశ్నతోనే మరుసటి క్లాసు మొదలుపెట్టారట.

ఎంతో నమ్మకంగా తప్పు చెబుతోంది, లేని పేపర్లను రిఫరెన్సుగా ఇస్తోంది

ప్రకాశం బ్యారేజీ గురించి ఏఐని ఒక పేరా అడిగాం. 'సర్ ఆర్థర్ కాటన్ 1855లో నిర్మించిన ప్రకాశం బ్యారేజీ...' అని అందంగా మొదలైంది. హిస్టరీ మాస్టారు ఒకరు, మ్యూట్ తీయడం రాక ఫోన్ చేసి మరీ చెప్పారు: 'ఏమయ్యా, 1855 నాటిది పాత ఆనకట్ట. అది 1952లో తెగింది. బ్యారేజీ వచ్చింది 1957లో. రెండింటినీ కలిపి ముద్ద చేసింది'.

ఇలా ఎందుకవుతుంది? ఏఐ జవాబును ఎక్కడో దాచుకుని తీసి ఇవ్వదు. ఇప్పటిదాకా ఉన్న మాటల తర్వాత ఏ ముక్క వచ్చే అవకాశం ఎక్కువో లెక్కగట్టి, ఒక్కో ముక్కే పేర్చుకుంటూ పోతుంది. కాటన్, ఆనకట్ట, కృష్ణ, బ్యారేజీ అన్న మాటలు రాతల్లో పక్కపక్కనే తిరుగుతుంటాయి కాబట్టి వాక్యంలోనూ పక్కపక్కనే కూర్చుంటాయి. రిఫరెన్సులదీ అదే కథ. రచయిత పేరు, ఏడాది, జర్నల్ పేరు ఏ వరసలో ఉంటాయో దానికి బాగా తెలుసు. ఆ వరసలో నమ్మదగ్గట్టు ఉండే పేపరు పుట్టిస్తుంది. దాన్ని నమ్మి పీహెచ్‌డీ సినాప్సిస్‌లో పెట్టుకుని, గైడు అడిగితే నీళ్లు నమిలినవాళ్లు నాకు తెలుసు.

'తప్పులు రాయకు' అని ప్రాంప్టులో (మనం టైపు చేసే ప్రశ్నలో) చేరిస్తే తీరే జబ్బు కాదిది. మీ దగ్గరున్న అధ్యాయాన్నో పేపర్నో అప్‌లోడ్ చేసి, 'ఇందులో ఉన్నది మాత్రమే చెప్పు, ఏ పేజీయో రాయి' అనండి. తప్పులు బాగా తగ్గుతాయి, పూర్తిగా పోవు. రిఫరెన్సు అయితే డీవోఐ నంబరు (పేపరుకి ఇచ్చే ఆన్‌లైన్ గుర్తింపు సంఖ్య) కొట్టి పేజీ తెరుచుకుందా లేదా, తెరుచుకున్నది ఆ పేపరేనా చూసుకోవాలి. లెక్కలు చేయించేటప్పుడు ప్రోగ్రాము రాసి నడిపి చూపమని అడగండి. నోటిలెక్క మీద ఆధారపడొద్దు.

అరవై అసైన్‌మెంట్లు, అరవైలోనూ ఒకే ముగింపు

ఎఫ్‌డీపీలో ఎక్కువ సేపు కొట్టుకునేది దీని మీదే. 'ఏఐతో రాయించినవి పట్టుకునే సాఫ్ట్‌వేర్ ఏదైనా చెప్పండి సార్' అని ప్రతి బ్యాచ్‌లోనూ అడుగుతారు.

దాని జోలికి పోవద్దనే నేను చెబుతాను. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ స్వయంగా 2023 జనవరిలో అలాంటి డిటెక్టర్ ఒకటి తెచ్చింది. వాళ్ల లెక్క ప్రకారమే అది ఏఐ రాసినవాటిలో 26 శాతాన్ని మాత్రమే పట్టుకుంది, మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని ఏఐ రాసిందని ముద్ర వేసింది. కచ్చితత్వం లేదంటూ ఆ జులైలోనే ఎత్తేశారు. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు డిటెక్టర్లకు టోఫెల్ అనే ఇంగ్లిషు పరీక్ష వ్యాసాలు 91 ఇచ్చి చూశారు. ఇంగ్లిషు మాతృభాష కానివాళ్లు సొంతంగా రాసుకున్నవి అవి. సగటున 61 శాతానికి పైగా ఏఐ ఖాతాలో పడ్డాయి. కారణం తేలికే. తర్వాతి మాట ముందే ఊహించగలిగేలా ఉంటే డిటెక్టర్‌కు అనుమానం వస్తుంది. తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్ల నేర్చుకున్న నాలుగు ఇంగ్లిషు పదబంధాలతోనే వ్యాసం లాక్కొస్తుంది. అంటే దొరికిపోయేది నిజాయితీగా రాసిన పిల్లే. నిజంగా కాపీ కొట్టినవాడు దాన్ని 'మనిషిలా మార్చు' అని ఇంకోసారి అడిగేస్తాడు.

రోగం ప్రశ్నలో ఉంది. 'వ్యవసాయ మార్కెటింగ్‌లోని లోపాలను చర్చించండి' అన్నది ఎవరైనా, ఏదైనా రాయగల ప్రశ్న. కామర్స్ సారు ఒకాయన దాన్ని ఇలా మార్చారు: గుంటూరు మిర్చి యార్డులో అమ్మిన సరుకుకి ఇచ్చిన అమ్మకం పట్టీ ఒకటి సంపాదించండి, ఇంట్లో లేకపోతే తెలిసిన రైతుని అడగండి. పేర్లు కనపడకుండా కొట్టేయండి. బస్తాలు, తూకం, ధర, కమీషన్, కోతలు విడివిడిగా రాసి, రైతు చేతికి ఎంత వచ్చిందో తేల్చండి. తర్వాత ఇదే ప్రశ్న ఏఐని అడగండి. అది చెప్పిన ఖర్చులకీ పట్టీలో ఉన్నవాటికీ ఎక్కడ తేడా వచ్చిందో ఎర్ర ఇంకుతో గుర్తుపెట్టండి.

ఏఐ వాడకం ఇక దొంగతనం కాదు, పనిలో భాగం. చివర్లో ఒక్కొక్కరికి మూడు నిమిషాల వైవా. 'ఈ కోత ఎందుకు పడింది?' అని అడిగితే చాలు, ఎవరు యార్డు దాకా వెళ్లారో తెలిసిపోతుంది. అరవై మందికి మూడేసి నిమిషాలంటే మూడు గంటలు. వర్క్‌లోడ్ సంగతేంటని మీరు అడగొచ్చు. మేం అసైన్‌మెంట్లు ఐదు నుంచి రెండుకి తగ్గించాం. ఆ మాత్రం వెసులుబాటు యాజమాన్యం ఇవ్వకపోతే ఈ మందు పనిచేయదు.

తెలుగులో అడిగితే తడబడుతోంది

తెలుగు శాఖ వాళ్లు ఎఫ్‌డీపీకి వస్తే వాళ్లకి ఇచ్చే సలహా ఏమీ ఉండేది కాదు, వెనక బెంచీలో కూర్చోబెట్టేవాళ్లం. ఒక మేడం ఏఐని కృష్ణానది మీద ఉత్పలమాల అడిగారు. పద్యం లాగే కనిపించింది. గణాలు కట్టి చూస్తే పాదానికి ఉండాల్సిన ఇరవై అక్షరాలు ఒక్క పాదంలోనూ లేవు. యతి, ప్రాస సంగతి సరేసరి.

ఏఐకి అక్షరాలు మనకి కనిపించినట్టు కనిపించవు. రాతను టోకెన్లు అనే ముక్కలుగా నరుక్కుని చదువుతుంది. 'లక్ష్మి' మన కంటికి రెండే అక్షరాలు. కంప్యూటర్‌కి ఒత్తులు, గుణింతాలు విడదీసి ఏడు గుర్తులు, ఒక్కో గుర్తుకి మూడు బైట్ల చొప్పున 21 బైట్లు. అదే పేరు ఇంగ్లిషులో ఏడు బైట్లు. గురువేదో లఘువేదో ఆ ముక్కల్లో కనపడదు. కొత్త మోడళ్లలో ఈ నరుకుడు మెరుగైంది. 2024 మేలో జీపీటీ-4ఓ వచ్చినప్పుడు, ఓపెన్‌ఏఐ చూపించిన ఒక తెలుగు నమూనా 159 టోకెన్ల నుంచి 45కి దిగింది. వచనం అందుకే ఇప్పుడు నయం, పద్యమే ఇంకా కష్టం.

ఆ మేడం తెలివిగా ఓటమినే పాఠం చేసుకున్నారు. ఆ చెడ్డ పద్యాన్నే పిల్లలకిచ్చి గణవిభజన చేయమన్నారు. ఎక్కడ తప్పిందో దిద్ది, ఉత్పలమాలగా నిలబెట్టాలి. లక్షణం బట్టీపట్టేకన్నా ఇది మేలని నాకు అనిపించింది.

చిల్లర తంటాలు

ల్యాబ్‌లో అందరూ ఒకేసారి కొత్త అకౌంట్లు తెరిస్తే ఓటీపీలు ఆలస్యమవుతాయి, ఒకే నెట్‌వర్క్ నుంచి అన్ని లాగిన్లేమిటని ఆ వెబ్‌సైటు అడ్డుపడుతుంది. ముందు రోజే ఇంట్లో తెరిచి రమ్మనండి. డెమో మధ్యలో ఉచిత వాడకం అయిపోతే రెండో టూల్ సిద్ధంగా ఉంచుకోండి, లేదా నిన్నటి స్క్రీన్‌షాట్లు చూపించండి.

ఇంకోటి చిల్లరది కాదు గానీ ఇక్కడే చెబుతాను. మార్కుల లిస్టు యథాతథంగా అప్‌లోడ్ చేసి 'వెనకబడినవాళ్లెవరో చెప్పు' అంటున్నారు. పేరు, రోల్ నంబరు, ఫోన్ నంబరు అన్నీ అందులోనే. వ్యక్తిగత డేటా రక్షణకి 2023లో చట్టం కూడా వచ్చింది. పేరుతో పాటు రోల్ నంబరు కూడా తీసేసి 1, 2, 3 అని వరస పెట్టుకోండి. ఏది ఎవరిదో మీ డైరీలో ఉంటే చాలు.

సీనియర్లు మొదటి రోజు తర్వాత రావట్లేదు

వయసైపోయింది కాబట్టి అనుకుంటాం. నేను చూసినంతలో అది కాదు. పాతికేళ్ల కుర్రాడు 'చాలా ఈజీ సార్, ఇక్కడ నొక్కితే చాలు' అంటాడు. ముప్పై ఏళ్ల సర్వీసున్న మనిషి అందరి ముందూ బటన్ వెతుక్కోవాలి. ఆ చిన్నతనం పడలేక 'నెట్ రాలేదయ్యా' అని తప్పుకుంటారు.

ఆ తర్వాతి బ్యాచ్‌లో జతలు కట్టాం. టైపు చేసేది జూనియర్, జవాబులో తప్పు పట్టేది సీనియర్. బ్యారేజీ తప్పు పట్టిన మాస్టారికి మా కొత్త లెక్చరర్ని జత చేశాం. రెండో వారానికి ఆయన తనంతట తానే అకౌంటు తెరిచారు. ఓ రాత్రి తొమ్మిదిన్నరకి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వచ్చింది: 'ఏమయ్యా, కొండవీటి కోట సంగతి అడిగాను. కృష్ణదేవరాయలు కట్టించాడంటోంది. ఆయన 1515లో గెలుచుకున్నాడు గానీ కట్టిందెక్కడ? రెడ్డిరాజులది కదా. నేను దిద్దలేదు. రేపు ప్రింటు తీసి పిల్లల చేతిలో పెడతాను, ఎవడు పడతాడో చూద్దాం. ఆ ప్రింటు ఎలా తీయాలో మాత్రం పొద్దున్నే వచ్చి చెప్పు'.