ఊరి జీవవనం, 4వ పాఠం: నీటిగుంట తవ్వడం

కప్పలు, పక్షులు, పురుగుల వంటి చిన్న ప్రాణులకు చోటిచ్చే ఊరి తోటే జీవవనం. అందులో గత పాఠంలో నాటిన కంచెమొక్కలు వేళ్లూనుకునేలోగా నీటి పని మొదలుపెట్టాలి. శ్రీకాకుళం జిల్లాలో అందుకు మే నెల అనువైనది. చెరువులు అడుగంటుతాయి కాబట్టి పంచాయతీని అడిగితే బంకమట్టి దొరుకుతుంది. జూన్ వానలకు గుంట సిద్ధంగా ఉంటుంది.

శ్రమదానానికి వచ్చినవారు పార పట్టగానే లోతుకు పోతారు. అక్కడే ఆపండి. సోంపేట బీలను, అంటే అక్కడి చిత్తడి నేలను, చూసినవారికి తెలుసు, అక్కడ అన్నేసి కొంగలూ చేపలూ బతికేది లోతు లేని నీటిలోనే. ఎండ అడుగుదాకా దిగితేనే నాచు పెరుగుతుంది, నాచు ఉంటేనే పురుగులు, కప్పపిల్లలు ఉంటాయి.

కొలతలు ఇవి: పొడవు 10 అడుగులు, వెడల్పు 8, బాగా లోతైన చోట 2 అడుగులు. పొడవు వైపు ఒక పక్క వాలు 6 అడుగులు సాగాలి, అంటే అడుగు లోతుకు మూడడుగుల వాలు. ఈ పాఠంలో ఒక్క మాటే గుర్తుంచుకునేట్టయితే ఈ వాలునే గుర్తుంచుకోండి. కాళ్లొచ్చిన కప్పపిల్ల ఒడ్డెక్కేది దీని మీదుగానే. గోరింక స్నానానికి నిలబడేది, జారిపడిన ఉడుత బయటపడేది, ఆటలో కాలు జారిన పిల్లవాడు నడిచి వచ్చేసేది కూడా దీని మీదుగానే. నిలువు గోడల సిమెంటు తొట్టి ఎన్నో చిన్న ప్రాణులను మింగేస్తుంది. జీవవనంలో దానికి చోటు లేదని నా గట్టి అభిప్రాయం. వాలు ఉన్నా చుట్టూ తడిక కట్టండి, చిన్నపిల్లలను ఒంటరిగా వదలకండి.

బంకమట్టి పొర కోసం అన్ని వైపులా మరో 6 అంగుళాలు అదనంగా తవ్వాలి. మట్టి పరీక్ష సులువు. తడిపి, వేలంత లావు కడ్డీగా చేసి ఉంగరంలా వంచండి. పగలకపోతే పనికొస్తుంది. రెండేసి అంగుళాల చొప్పున మూడు పొరలుగా పరచి, ప్రతి పొరనూ తడిపి కాళ్లతో తొక్కాలి. వరి మడిలో దమ్ము చేస్తే నీరు ఇంకదు కదా, ఇక్కడా అదే సూత్రం. పదిమంది వరుసగా తొక్కితే ఒక పూటలో అయిపోతుంది. తరువాత వాన పడేదాకా తడి గడ్డి కప్పి ఉంచండి, లేకపోతే మే ఎండకు నెర్రెలు విచ్చుతుంది. ఉద్దానం ఇసుక నేలల్లో పొర అడుగు మందం ఉంటే మేలు.

అంచు అంతా ఒకే మట్టంలో ఉందో లేదో మేస్త్రీలు వాడే నీటి గొట్టంతో చూసుకోండి. ఒక్కచోట మాత్రం రెండంగుళాలు తగ్గించి, రాళ్లు పేర్చి అలుగు వదలండి. అలుగు లేని గుంట తుపాను వానకు పక్కింటి గోడ మీదికి పొర్లుతుంది.

ఇక ఊరివారు తప్పక అడిగేది దోమల గురించి. భయం న్యాయమైనదే, ఓపికగా చెప్పండి. డెంగీ దోమ ఎక్కువగా గుడ్లు పెట్టేది కొబ్బరి చిప్పల్లో, పాత టైర్లలో, కూలర్లలో. ముందు వాటిని ఏరివేయండి. గుంటలోనూ దోమలు పెట్టగలవు. వాటి పిల్లలను తినేది తూనీగ పిల్లలు, నీటి పురుగులు. అవి కుదురుకునేదాకా, నాలుగైదు రోజులకోసారి సన్నని వలతో నీటిని వడగట్టండి. దోమ గుడ్డు పొదిగి రెక్కలు రావడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టి ఆ వ్యవధి సరిపోతుంది. దోమపిల్లలను తింటాయని వదిలే గంబూసియా చేపలను మాత్రం వదలకండి. అవి కప్పగుడ్లను, కప్పపిల్లలను కూడా తినేస్తాయి.

పాముల మాట కూడా వస్తుంది. కప్పల కోసం వచ్చేది ఎక్కువగా విషం లేని నీరుకట్టు పాము. అయినా దారి వెంట గడ్డి కోసి ఉంచండి, చీకటి పడ్డాక టార్చి లేకుండా ఎవరూ వెళ్లకూడదు.

కలువ దుంపలు రెండు చాలు. గుర్రపుడెక్కను ఒక్క పిలకైనా రానివ్వకండి.

ఈ వారం అభ్యాసం: సగం రోజైనా ఎండ పడే చోటు, పెద్ద చెట్ల వేళ్లకు దూరంగా, వెతకండి. అక్కడ అడుగు గొయ్యి తీసి సాయంత్రం నీళ్లు నింపి, తెల్లవారాక ఎంత మిగిలిందో కొలిచి రాసుకోండి. మీ ఊరి చెరువు మట్టితో ఉంగరం కూడా చేసి చూడండి. వేసవిలో గుంట ఎండితే చేయవలసిన పనులు 5వ పాఠంలో వస్తాయి.