పురిటిబిడ్డ డైపర్‌లో కనిపించే సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

గుడ్డలు తక్కువగా తడుస్తున్నాయి

కాన్పయిన తొలి రెండు మూడు రోజులు బిడ్డకు అందేది కొద్దిపాటి ముర్రుపాలే కాబట్టి, మొదటి రోజు ఒకసారి, రెండవ రోజు రెండుసార్లు మాత్రమే మూత్రం పోసినా కంగారు పడనక్కరలేదు. అయిదవ రోజు దాటాక మాత్రం 24 గంటల్లో కనీసం 6 సార్లు తడవాలి. అంతకు తగ్గితే సాధారణంగా పాలు చాలడం లేదని అర్థం. బిడ్డ రొమ్మును సరిగా పట్టుకుంటోందో లేదో చూసుకుని, రాత్రితో కలిపి రోజుకు 8 నుంచి 12 సార్లు పాలిస్తూ, అదే రోజు వైద్యులకు చూపించాలి. మంచినీళ్లు, తేనె, గ్రైప్ వాటర్ ఇందుకు పరిష్కారం కావు. కొన్న డైపర్ తడిని లోపలే దాచుకుంటుంది గనుక, మొదటి వారం పగటిపూట నూలు గుడ్డలే మేలని నా అభిప్రాయం.

మరకల రంగు భయపెడుతోంది

తొలి రోజుల్లో కనిపించే ఇటుకపొడి రంగు మరక చిక్కని మూత్రంలోని యూరేట్ స్ఫటికాల వల్ల ఏర్పడేదే. అయిదవ రోజు తరువాత కూడా కనిపిస్తే పైన చెప్పిన పాల కొరతను అనుమానించాలి. ఆడపిల్లలకు మొదటి వారంలో కాస్త నెత్తురు కనిపించడం తల్లి హార్మోన్ల ప్రభావం తగ్గడం వల్ల జరుగుతుంది. నల్లని జిగురు మలం క్రమంగా ఆకుపచ్చగా మారి, అయిదవ రోజుకు పసుపు రంగుకు రావాలి. మలం సున్నంలా తెల్లగా ఉంటే కాలేయంలో తయారయ్యే పైత్యరసం పేగులోకి దిగడం లేదేమోనని అనుమానించాలి. దీనివల్ల వచ్చే కామెర్లు ఎండలో పెడితే తగ్గుతాయని ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పైత్యనాళాలు మూసుకుపోయిన బిడ్డకు 60 రోజుల లోపు శస్త్రచికిత్స జరిగితే ఫలితం మెరుగ్గా ఉంటుంది.

చర్మం ఒరుసుకుపోయింది

పిరుదులు ఎర్రబడి గజ్జల మడతలు మాత్రం బాగుంటే, కారణం తడి, మలం, రాపిడి. మలం కాగానే, లేకుంటే రెండు మూడు గంటలకొకసారి మార్చి, గోరువెచ్చని నీటితో కడిగి, రుద్దకుండా అద్ది, కాసేపు గాలికి వదిలి, జింక్ ఆక్సైడ్ క్రీమును మందంగా రాయాలి. పౌడరు వద్దు, దాని ధూళి బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మడతలు కూడా ఎర్రబడి చుట్టూ చిన్న పొక్కులు లేస్తే అది ఫంగస్ కావచ్చు. దానికి జింక్ చాలదు, వైద్యులు రాసిన మందే వాడాలి. మెడికల్ షాపులో అడిగి తెచ్చే క్రీముల్లో స్టెరాయిడ్ కలిసి ఉండే ప్రమాదముంది.

పక్కల నుంచి కారుతోంది

కాళ్ల దగ్గరి అంచులు లోపలికి మడతపడి ఉండవచ్చు, లేదా సైజు చాలకపోయి ఉండవచ్చు. మగపిల్లలకు నడుము దగ్గర తడుస్తుంటే అంగాన్ని కిందికి ఉంచి కట్టాలి. కారుతోందని బిగించకూడదు, నడుము దగ్గర రెండు వేళ్లు దూరేంత వదులుండాలి, బొడ్డు ఊడేదాకా పై అంచును దానికి దిగువకు మడిచి ఉంచాలి.