చిన్న విమానంలో భద్రత – 6వ పాఠం: కరెంటు తీగలకు తగిలితే

తీగ దూరానికి కనబడదనీ, స్తంభాల వరస చూసి తీగ ఎక్కడుందో పోల్చుకోవాలనీ కిందటి పాఠంలో చెప్పుకున్నాం. తప్పనిసరిగా లైను దాటాల్సి వస్తే స్తంభం నెత్తి మీదుగానే దాటాలని కూడా అనుకున్నాం. ఇంత చేసినా తీగ తగిలితే ఏం చేయాలన్నది ఈ పాఠం.

ముందు గాలిలో సంగతి. ఎదురుగా తీగ హఠాత్తుగా కనబడితే చెయ్యి దానంతటదే కంట్రోలును గట్టిగా వెనక్కి లాగేస్తుంది. వేగం తక్కువగా ఉన్నప్పుడు అలా లాగితే విమానం స్టాల్ అవుతుంది, అంటే రెక్కలు దాన్ని గాలిలో నిలపలేకపోతాయి. ముప్పై మీటర్ల ఎత్తులో స్టాల్ అయితే సర్దుకునే వ్యవధి ఉండదు, ముక్కు కిందికి పెట్టి పడుతుంది. రెక్కలు సమంగా పెట్టి, స్టాల్ వేగానికి పైన ఉండడమే ప్రధానం. తగిలాక కూడా విమానం ఎగురుతూ ఉంటే గట్టిగా వంచి తిప్పకండి. ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి దించే పలకలు) ముట్టుకోకండి, ఒక రెక్క దెబ్బతిని ఉంటే ఫ్లాప్స్ దించగానే ఒక పక్కకు దొర్లిపోవచ్చు. మామూలుకన్నా కాస్త ఎక్కువ వేగంతో దగ్గర్లోని రన్‌వేకి వెళ్ళండి.

ఎగరనంటే, దిగడమే. ఇక్కడ లెక్క తెలిసి ఉండాలి. గుద్దుకునే శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 85 నాట్లలో (ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు) తగిలే దెబ్బ 60 నాట్లలో తగిలేదానికి రెట్టింపు. గంటకు 80 కిలోమీటర్ల వేగం నుంచి 9 జి (భూమ్యాకర్షణకు తొమ్మిది రెట్లు) చొప్పున ఆగడానికి మూడు మీటర్లలోపు చాలు. అదే 160 అయితే పదకొండు మీటర్లకు పైగా కావాలి. అందుకే ఎదురుగాలిలో, అదుపు పోనంత తక్కువ వేగంతో, రెక్కలు సమంగా ఉంచి దిగాలి. రెక్కలూ చక్రాలూ విరిగితే విరగనీయండి. అవి విరిగేకొద్దీ దెబ్బ కొంత వాటిలోనే ఖర్చవుతుంది, మీరు కూర్చున్న క్యాబిన్ నిలుస్తుంది.

నేలకు తగిలేలోపు వ్యవధి ఉంటే ఈ వరసలో చేయండి: వాడుతున్న రేడియో ఫ్రీక్వెన్సీలోనే మేడే (ప్రాణాపాయంలో సాయం కోరే పిలుపు), జవాబు లేకపోతే అత్యవసర ఫ్రీక్వెన్సీ 121.5లో; ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కు విమానం గుర్తు పంపే పరికరం) మీద అత్యవసర కోడ్ 7700; ఫ్యూయల్ సెలెక్టర్ (ఇంధనం మీట) ఆఫ్, మిక్చర్ (ఇంజనుకు ఇంధనం పాలు తగ్గించే మీట) పూర్తిగా వెనక్కి, మాగ్నెటోలు (ఇంజనులో నిప్పురవ్వ పుట్టించేవి) ఆఫ్, చివర్లో విమానం కరెంటంతా ఆపే మాస్టర్ స్విచ్. ఫ్లాప్స్ కరెంటుతో కదిలేవైతే, రెక్కలు దెబ్బ తినలేదని తెలిస్తే, మాస్టర్ ఆపకముందే దించుకోవాలి. తలుపు గడియ తీసి సందులో బూటు ఇరికించండి. చట్రం వంగితే మూసి ఉన్న తలుపు ఇక తెరుచుకోదు. నడుం బెల్టు పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీద బిగియాలి. పొట్ట మీద ఉంటే లోపలి అవయవాలు చితుకుతాయి. భుజం బెల్టు తప్పనిసరి.

ఇప్పుడు అసలు విషయం. విమానం ఆగింది, మీరు బతికే ఉన్నారు, తీగ విమానం మీదో పక్కనో పడి ఉంది. నిప్పు గానీ పొగ గానీ లేకపోతే దిగకండి. తీగ చప్పుడు చేయడం లేదనీ మెరుపులు లేవనీ నమ్మకండి. లైను ట్రిప్ అయినా సబ్‌స్టేషన్‌లో రీక్లోజర్ కొద్ది సెకన్లలో దానంతటదే మళ్ళీ కరెంటు ఇవ్వవచ్చు. ఫోన్ అందితే అత్యవసర నంబరుకు, మన దేశంలో అయితే 112కి, చేసి తీగల సంగతి మొదట చెప్పండి. సాయానికి పరిగెత్తుకొచ్చేవాళ్ళను కేకేసి కనీసం పది మీటర్ల దూరంలో ఆపండి.

తీగ నేలను తాకిన చోట వోల్టేజి ఎక్కువగా ఉండి, దూరం పోయేకొద్దీ తగ్గుతుంది. ఒక అడుగు దగ్గర్లో, ఇంకో అడుగు దూరంలో వేస్తే రెంటి మధ్య వోల్టేజి తేడా వల్ల కరెంటు కాళ్ళ గుండా ప్రవహిస్తుంది. వానాకాలం పొలంలో తెగిన తీగ దగ్గర గేదెలు చచ్చిపోవడానికి ఒక కారణం ఇదే: ముందుకాళ్ళకూ వెనకకాళ్ళకూ మధ్య ఎడం ఎక్కువ.

నిప్పంటుకుంటే మాత్రం దిగక తప్పదు. చేతులు ఛాతీకి కట్టుకుని, రెండు పాదాలూ జోడించి, విమానాన్నీ నేలనూ ఒకేసారి తాకకుండా దూకండి. చాలామంది రెక్కను పట్టుకుని కాలు కిందికి జారుస్తారు. ప్రాణం తీసేది అదే. నేలకు దిగాక పాదాలు ఎత్తకుండా, ఒకదానికొకటి ఆనించి, అంగుళాల చొప్పున జరుగుతూ పది మీటర్లు దాటండి. తడినేల అయితే ఇంకా దూరం పోవాలి. మర్చిపోయిన వస్తువు కోసం వెనక్కి రాకూడదు. విమానం తలకిందులైతే, ఒక చేయి పైకప్పుకు గట్టిగా తన్నిపట్టాకే బెల్టు విప్పండి, లేకపోతే మెడ విరుగుతుంది.

ఓపిక ఎంత అవసరమో చూడాలంటే 2022 నవంబరు 27న అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రం, గైథర్స్‌బర్గ్ దగ్గర జరిగింది గమనించండి. పొగమంచు కమ్మిన సాయంత్రం మూనీ కంపెనీ చిన్న విమానం ఒకటి హైటెన్షన్ టవరుకు గుద్దుకుని, నేలకు సుమారు వంద అడుగుల ఎత్తున ఇరుక్కుపోయింది. లోపలున్న ఇద్దరూ బతికారు, ఫోన్‌లో సాయం అడిగారు. 80 వేలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. అయినా సిబ్బంది వెంటనే ఎక్కలేదు. లైన్లను ఎర్త్ చేసి (కరెంటు మిగలకుండా నేలకు కలిపి), విమానాన్ని టవరుకు కట్టి బిగించాకే వాళ్ళను దించారు. అప్పటికి అర్ధరాత్రి దాటింది, సుమారు ఏడు గంటలు పట్టింది. గాయాలతోపాటు చలి కూడా వాళ్ళను కుంగదీసింది. కోటూ దుప్పటీ చేతికందే దూరంలో ఉంచుకోవాలని మేము ప్రతి పాఠంలోనూ చెప్పేది ఇందుకే.

ఈ వారం అభ్యాసం: హ్యాంగరులో నిలిపిన విమానంలో కూర్చుని, కళ్ళు మూసుకుని ఫ్యూయల్ సెలెక్టర్, మాస్టర్, బెల్టు బకిల్, తలుపు గడియ ఈ వరసలో చేత్తో తడిమి కనుక్కోండి. తడుముకోకుండా చెయ్యి నేరుగా వాటి మీదికి పోయేదాకా చేయండి. తర్వాత నేల మీద పది మీటర్లు సుద్దతో కొలిచి, పాదాలు ఎత్తకుండా నడవండి. మొదటి మూడు మీటర్లకే పాదం లేస్తుంది. లేచిన ప్రతిసారీ మొదటి గీత దగ్గరికి వచ్చి మళ్ళీ మొదలుపెట్టండి. 7వ పాఠంలో విమానం పడ్డ చోటును ఉపగ్రహాలకు తెలిపే 406 మెగాహెర్ట్జ్ బీకన్ ఎలా పనిచేస్తుందో, యాంటెన్నా తెగితే ఏం చేయాలో చూద్దాం.