ఊళ్ళో సేవాదళం పెట్టాలంటే చీరాల పేరాల కథ ఎందుకు తెలియాలి

పదిమంది కలిసి ఊరికి ఏదో ఒకటి చేద్దాం అనుకుంటారు, వెంటనే ఒక పేరు, ఒక బ్యానరు, ఒక వాట్సాప్ గ్రూపు, నెల తిరిగేసరికి గ్రూపులో గుడ్ మార్నింగులు తప్ప ఇంకేం ఉండవు. అలా కాకుండా ఉండాలంటే ముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. పేరు తర్వాత పెట్టుకోవచ్చు.

ఆ కాగితం మీద మీ ఊరి సమస్య ఎవరెవరి చేతుల మీదుగా నడుస్తోందో రాయండి. బ్రిటిష్ వాళ్ళు ఇక్కడ ఉన్నప్పుడు ఐసీఎస్ (ఇప్పటి ఐఏఎస్ లాంటి) ఆఫీసర్లు అటూ ఇటూగా వెయ్యిమందే, ఏలింది ముప్పై కోట్లకి పైగా జనాన్ని. అంటే రోజువారీ రాజ్యం నడిపింది మన కరణాలూ మునసబులూ తలారులూ గుమాస్తాలూ కానిస్టేబుళ్ళూ, ఇంకా నోరు మూసుకుని శిస్తు కట్టిన రైతులూనూ. ఎంత పెద్ద రాజ్యమైనా ఇలాంటి చిన్న చిన్న సహకారాల మీదే నిలబడుతుంది, వాళ్ళు ఒక్కొక్కరూ పక్కకి జరిగితే వణుకుతుంది. (ఇలా కొట్లాట లేకుండా పక్కకి జరగడం, అంటే అహింస, ఒక్కటే తెల్లవాళ్ళని పంపేసింది అని నేను అనను, రెండో ప్రపంచ యుద్ధం అప్పులూ 1946లో బొంబాయి నావికుల తిరుగుబాటూ కూడా లెక్కలో ఉన్నాయి. కానీ మామూలు మనిషి చేతిలో ఉన్నది మాత్రం ఇదే.) మీ చెరువులో చెత్త పోస్తున్నారనుకోండి, ట్రాక్టరు ఎవరిది, బిల్లు మీద సంతకం ఎవరిది, చూసి కూడా ఊరుకుంటున్న వార్డు పెద్దలు ఎవరు, అన్నీ రాయాలి. అందులో మనం కూడా ఉంటాం, దాచొద్దు.

1922 మొదట్లో గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కాలో (అంటే కొన్ని ఊళ్ళ గుంపులో) పర్వతనేని వీరయ్య చౌదరి గారు చేసింది ఇదే, ఆ చిన్న సహకారాలు ఆపించడం. ఊరి ఉద్యోగులు రాజీనామాలు ఇచ్చేశారు, శిస్తు వసూలు దాదాపు ఆగిపోయింది, కొట్లాటలు రాకుండా చూడ్డానికి శాంతిసేన అని వాలంటీర్లని పెట్టారు. ఇక్కడ మీరు చూడాల్సింది ఆ శాంతిసేన. జనాన్ని రెచ్చగొట్టేవాళ్ళు ఎప్పుడూ దొరుకుతారు, ఆపేవాళ్ళని మాత్రం ముందే తయారు చేసుకోవాలి.

ఎలా తయారు చేయాలి అంటే, ప్రాక్టీసు. మన నాగపూర్‌లో కొన్నేళ్ళుండి గాంధీ పద్ధతి నేర్చుకుని వెళ్ళిన జేమ్స్ లాసన్, అమెరికాలో నాష్‌విల్ స్టూడెంట్లకి 1960 సిట్-ఇన్‌లకి (నల్లవాళ్ళని రానివ్వని హోటళ్ళలో కూర్చుని చేసిన నిరసనలకి) ముందు ఇదే చేయించాడు, సగం మంది తిట్టడం తొయ్యడం, మిగతా సగం చెయ్యెత్తకుండా కూర్చోవడం. మీరూ ఒక ఆదివారం స్కూలు గ్రౌండులో చేసి చూడండి. మొదట నవ్వులాటగా ఉంటుంది, కాసేపటికి ఎవరికి కోపం త్వరగా వస్తుందో తెలిసిపోతుంది, వాళ్ళని ముందు వరసలో పెట్టకండి, లెక్కలు చూడ్డానికో నీళ్ళు అందించడానికో పెట్టండి.

ఇక సేవ. ఇది నిరసనకంటే ముందు రావాలి, చాలామంది తిరగేసి చేస్తారు. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న పెషావరు వైపు గాంధీ దారిలో నడిచిన పఠాన్ నాయకుడు అబ్దుల్ గఫార్ ఖాన్ ఊళ్ళలో బడులు పెట్టడంతో మొదలుపెట్టాడు, ఖుదాయీ ఖిద్మత్‌గార్ (దేవుడి సేవకులు) దళం పెట్టింది ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకి, 1929లో. అందులో చేరేవాడు రోజుకి కనీసం రెండు గంటలు సమాజానికి పనిచేస్తానని ప్రమాణం చెయ్యాలి. ఇంటింటా తుపాకులుండే పఠాన్లు ఇది చేశారంటే మామూలు విషయం కాదు. 1930 ఏప్రిల్ 23న పెషావరు కిస్సా ఖ్వానీ బజారులో బ్రిటిష్ సైన్యం కాల్పులు జరిపితే జనం తిరగబడి కాల్చలేదు, అదే సైన్యంలో చంద్రసింగ్ గఢ్వాలీతో ఉన్న గఢ్వాల్ సిపాయిలైతే నిరాయుధుల మీద కాల్చం అని ఆర్డరునే కాదన్నారు. రోజుకి రెండు గంటలు మనవల్ల కాదు, వారానికి రెండు గంటలు పెట్టుకోండి చాలు, కానీ తప్పకూడదు. ఎండాకాలం చలివేంద్రం, సర్కారు బడి పిల్లలకి సాయంత్రం చదువు, పెన్షను ఫారాలు నింపి పెట్టడం, ఇలాంటివి. ఫోటోలు దిగడం మొదటి ఆరు నెలలు బంద్ చేయండి, ఫోటో కోసం వచ్చేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే జారుకుంటారు.

ఇప్పుడు చీరాల సంగతి, అసలు పాఠం ఇక్కడుంది. చీరాల, పేరాల ఊళ్ళని 1919లో మునిసిపాలిటీ చేశారు, ఊరంతా కలిపి ఏడాదికి 4,000 రూపాయలున్న పన్ను 40,000 దాకా పోయింది, ఉన్నవాళ్ళలో ఎక్కువమంది నేతపని వాళ్ళు. ఎడింబరోలో ఎంఏ చదివొచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు రామదండు అని వాలంటీర్ల దళం కట్టి, పాటలతో పద్యాలతో జనాన్ని లేపారు. 1921 ఏప్రిల్‌లో గాంధీ వచ్చి, పన్ను కట్టకుండా శాంతంగా ఉండండి, లేదా ఊరే వదిలి పొలిమేర బయటికి పోండి అని రెండు దారులు చూపించాడు. పదిహేను వేల మందిలో పదమూడు వేలమంది దాకా ఇళ్ళు వదిలి బయట రామనగర్ అని పాకలు వేసుకుని దాదాపు పదకొండు నెలలున్నారు, ఎండా వానా అన్నీ అక్కడే. అంతమంది ఒక్కమాట మీద నిలబడటం ఎక్కడైనా చూశారా!

కానీ డబ్బు అయిపోయింది. చందాలకోసం బరంపురం వెళ్ళిన దుగ్గిరాలని పట్టుకుని ఏడాది జైల్లో పెట్టారు, ఆయన స్థానంలో ఆ పట్టుతో నడిపేవాళ్ళు లేరు, జనం మెల్లగా పాత ఇళ్ళకి తిరిగొచ్చారు, మునిసిపాలిటీ అలాగే ఉండిపోయింది. ఆయన 1928లో బీదరికంలోనే పోయారు. తప్పు జనానిది కాదు, ఆ జనాన్ని మెచ్చుకోకుండా ఉండలేం. అందుకే మీ దళంలో ప్రతి పనికీ ఇద్దరు ఉండాలి, ఫోన్ నంబర్లూ తాళాలూ బ్యాంకు సంతకాలూ అన్నీ ఇద్దరి దగ్గరా. ఇల్లు గడవడం కష్టమయ్యే పని ఏదైనా తలపెడితే ఆరు నెలల బియ్యం, మందుల ఖర్చు ముందే చేతిలో ఉండాలి.

అడగడం కూడా నేర్చుకోవాలి. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో భూమిలేని కుటుంబాలు మాకు 80 ఎకరాలు కావాలి అని గాంధీ శిష్యుడు వినోబా భావేకి నంబరు చెప్పారు, ఆయన ఊరందరి ముందు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలు ఇస్తానన్నారు, భూమి ఉన్నవాళ్ళు లేనివాళ్ళకి ఇచ్చే భూదానం అలా మొదలైంది. ఊరికే సాయం చేయండి అంటే ఎవరూ కదలరు, ఎనిమిది బెంచీలు కావాలి అంటే కదులుతారు. అయితే భూదానంలో తర్వాత చాలా భూములు కాగితాల గొడవల్లో ఇరుక్కున్నాయి, పంచని భూమి కూడా బోలెడు. కాబట్టి ఎవరైనా సరే అన్నారంటే ఆ వారంలోనే రాయించుకోండి.

చివరగా లెక్కల పుస్తకం. నెలకోసారి గుడి అరుగు మీదో మసీదు దగ్గరో పంచాయతీ ఆఫీసు ముందో గట్టిగా చదివి వినిపించండి, టీ ఖర్చుతో సహా. మొదలుపెట్టిన పని ఆపాల్సి వస్తే ఆ మాట ఎవరు ప్రకటించాలో, పుస్తకం ఎవరికి అప్పగించాలో మొదటి మీటింగులోనే రాసి అందరితో సంతకాలు పెట్టించండి.