డయాలసిస్ వారికి గుండెల్లో మంట: ఎండలు ముదరకముందే చూసుకోవాల్సినవి

కొత్తావకాయ, పెళ్లి భోజనాలు, ఆగని దాహం. ఎండాకాలంలో డయాలసిస్ చేయించుకునేవారికి కడుపు బాధలు ఎక్కువవడానికి ఈ మూడూ చాలు. ఛాతీలో మంట, పులితేన్పులు, ఉబ్బరం అనగానే పక్కింటివాళ్లు తలా ఒక చిట్కా చెబుతారు. కిడ్నీలు బాగున్నవారికి వాటితో పెద్ద నష్టం ఉండదు. డయాలసిస్ వారికి మాత్రం ఆ చిట్కాలే మంట కంటే ప్రమాదం. అందుకే ఏ గ్యాస్ మందు వాడొచ్చో, ఏది వాడకూడదో ముందే కిడ్నీ డాక్టరును అడిగి, రాసిన చీటీ ఇంట్లో అందరికీ కనబడేచోట అంటించండి.

ముందుగా ఈనో సంగతి. 5 గ్రాముల ఒక్క ప్యాకెట్లో 800 మిల్లీగ్రాములకు పైగా సోడియం ఉంటుంది. అంటే రెండు గ్రాముల ఉప్పు తిన్నట్టే. రోజు మొత్తానికి 5 గ్రాముల ఉప్పు దాటొద్దని చెప్పినవారికి ఇది ఎంత భారమో చూడండి. దాహం పెరుగుతుంది, నీళ్లు తాగుతారు, ఆ నీరు ఒంట్లో చేరి బరువు పెరుగుతుంది. జెలూసిల్, డైజీన్ లాంటి వాటిలో మెగ్నీషియం, అల్యూమినియం ఉంటాయి. వాటిని బయటికి పంపాల్సింది కిడ్నీలే కాబట్టి అవి ఒంట్లోనే పేరుకుంటాయి. మెగ్నీషియం ఎక్కువైతే మగత, కండరాల నీరసం, గుండె వేగం తగ్గడం. అల్యూమినియం నెలల తరబడి చేరితే ఎముకలకూ మెదడుకూ చేటు. నిమ్మరసంతో కలిస్తే అల్యూమినియం ఇంకా ఎక్కువగా ఒంటికి పడుతుంది. కడుపులో పుండ్లకు ఇచ్చే సుక్రాల్‌ఫేట్‌లో కూడా అల్యూమినియమే ఉంది, ఇది చాలామందికి తెలియదు.

కొబ్బరినీళ్లు, అరటిపండు చలవే కానీ, ఒక్కో గ్లాసులో, ఒక్కో పండులో పొటాషియం 400 మిల్లీగ్రాముల దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ఉండొచ్చు. రెండూ కలిసి ఒకే పూట పడితే గుండె లయ తప్పే ప్రమాదముంది. చల్లటి పాలతో ఫాస్పరస్ వస్తుంది, అదీ ఒంట్లో పేరుకునేదే. జీలకర్ర, వాము కషాయం తాగితే అది రోజువారీ నీళ్ల లెక్కలోకే వస్తుంది. దాని బదులు చిటికెడు జీలకర్ర నమిలితే చాలు. 'సోడియం తక్కువ' అని అమ్మే ఉప్పు అసలు తేవద్దు, అందులో సోడియం బదులు పొటాషియం కలుపుతారు.

డాక్టర్లు మామూలుగా రాసేది కడుపులో ఆమ్లం తగ్గించే పాంటోప్రజోల్ 40 మాత్ర. డయాలసిస్‌లో దీని మోతాదు తగ్గించక్కర్లేదు. కానీ టిఫిన్‌కు అరగంట ముందు వేసుకుంటేనే బాగా పనిచేస్తుంది. తిన్నాక మంట వచ్చినప్పుడు మింగితే అప్పటికప్పుడు తగ్గదు. పేరు చివర 'డి' ఉన్న మాత్రలో వాంతులకు ఇచ్చే డోంపెరిడోన్ కలిసి ఉంటుంది. పొటాషియం హెచ్చుతగ్గులున్నవారిలో అది గుండె లయను చెడగొట్టవచ్చు, కాబట్టి షాపులో అడిగి తెచ్చుకోకూడదు.

పడక విషయంలో ఒక మెలిక ఉంది. ఎడమవైపు తిరిగి పడుకుంటే మంట తగ్గుతుందంటారు, నిజమే. కానీ ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చే రక్తనాళం) ఎడమచేతికి ఉంటే ఆ చేతిమీద బరువు పడనివ్వకూడదు. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి అరడుగు ఎత్తు చేయండి. తలగడలు పేరిస్తే పొట్ట ముడుచుకుని మంట పెరుగుతుంది. రాత్రి భోజనానికీ పడకకీ మధ్య మూడు గంటలుండాలి. పొట్టలో నీళ్లు నింపే డయాలసిస్ వారు, నీళ్లు తీసేశాక తింటే సుఖం.

తెల్లవారుజామున బస్సెక్కి సెంటర్‌కు వచ్చేవారు ఖాళీ కడుపుతో టీ తాగడం మానాలి. గంటన్నర ముందు రెండు ఇడ్లీలు తినండి, చట్నీ కొంచెమే. మిషన్ మీద ఉండగా కడుపునిండా తింటే రక్తం పేగులవైపు మళ్లి బీపీ పడిపోతుంది. మధ్యలో వచ్చే వాంతి చాలాసార్లు గ్యాస్ వల్ల కాదు, బీపీ పడడం వల్ల. సాధారణంగా గంటకు, కిలో బరువుకు 13 మిల్లీలీటర్లకు మించి నీరు లాగకూడదు. 60 కిలోల మనిషికి నాలుగు గంటల్లో సుమారు మూడు లీటర్లు. డయాలసిస్ సిట్టింగ్‌ల మధ్య అంతకన్నా ఎక్కువ బరువు పెరిగితే బీపీ పడి వాంతులు రావచ్చు. ఆకలి చచ్చి, పొద్దున్నే వికారం, నోట్లో దుర్వాసన ఉంటే గ్యాస్ మాత్ర కాదు, డయాలసిస్ సరిపోతోందా అని అడగాలి.

మలబద్ధకాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. డయాలసిస్ వారిలో పొటాషియం కొంత మలం ద్వారానే పోతుంది, రెండు మూడు రోజులు ఆగితే అది పెరుగుతుంది. ఇసబ్‌గోల్‌కు గ్లాసుడు నీళ్లు కావాలి, మిల్క్ ఆఫ్ మెగ్నీషియా పనికిరాదు. విరేచనం సాఫీగా అయ్యేందుకు ఇచ్చే లాక్టులోజ్ ఎంత వాడాలో డాక్టరును అడగండి. పొటాషియం తగ్గేలా బీరకాయ, సొరకాయ ముక్కలు ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి వండుకోవచ్చు.

ఐరన్ మాత్రలకు మలం నల్లబడుతుంది. కానీ తారులా జిగటగా, కంపు కొడుతూ వస్తే లోపల రక్తం పోతున్నట్టు. సిట్టింగ్ రోజైతే సూది పెట్టకముందే సిస్టర్‌కి చెప్పాలి, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఆపాల్సి ఉంటుంది. సిట్టింగ్ లేని రోజైతే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. మంటతోపాటు చెమటలు, ఆయాసం, దవడకో చేతికో పాకే నొప్పి ఉంటే గ్యాస్ అనుకుని కూర్చోవద్దు. షుగరున్నవారికి గుండెపోటు నొప్పి లేకుండా, వట్టి ఉబ్బరంలాగే రావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేసి, డయాలసిస్ పేషెంట్ అని మొదటి మాటలోనే చెప్పండి.