ఒక బ్యాండ్ పాటల సంకలనాన్ని ఆల్బమ్‌గా కూర్చడం ఎలా

విజయవాడ, గుంటూరుల్లో ఏళ్ల తరబడి సొంత పాటలు కట్టి పాడుతున్న బ్యాండ్‌ల పాటలు ఒకచోట దొరకవు. కొన్ని యూట్యూబ్‌లో, కొన్ని పాత హార్డ్ డిస్కుల్లో, మరికొన్ని ఎవరి ఇంటి అటక మీదో క్యాసెట్లలో ఉంటాయి. పేరుపొందిన పాటలను, అరుదైన వాటిని, కొత్త రికార్డింగులను కలిపి ఆల్బమ్‌గా వేయదలచిన బృందం ముందుగా ఒక లక్ష్యం పెట్టుకోవాలి: ఆ బ్యాండ్‌వి రెండు పాటలే తెలిసిన శ్రోతకు, ఆల్బమ్ మొత్తం విన్నాక, ఆ రెండూ ఏ దారిన పుట్టాయో తెలియాలి. దీనికి ఉపకరించని పాట ఎంత బాగున్నా పక్కన పెట్టవలసిందే. సీడీలో 80 నిమిషాలు పడతాయని అంతా నింపనక్కర లేదు. గంటలోపు ముగిస్తే మేలు.

పేరుపొందిన పాటలను ఎంచేటప్పుడు యూట్యూబ్ లెక్కల కన్నా, తుమ్మలపల్లి కళాక్షేత్రంలోనో దసరా వేదికల మీదో జనం అడిగి పాడించుకున్న పాటలు ఏవో చూడాలి. జనానికి చెవిలో నిలిచిన మొదటి రికార్డింగునే వాడాలి. హక్కులు మరొకరి దగ్గర ఉండి ఆ పాటను తిరిగి పాడవలసి వస్తే, ఆ సంగతి అట్ట మీద స్పష్టంగా రాయాలి.

హక్కుల విషయం పాటల జాబితా ఖాయం కాకముందే తేల్చుకోవాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం సాహిత్యం, సంగీతం, రికార్డింగు మూడూ వేర్వేరు హక్కులు. రికార్డింగు మీద హక్కు సాధారణంగా దాన్ని నిర్మించిన వారిది, అది విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు ఉంటుంది. కచేరీలో పాడుతూ వచ్చిన సినిమా పాటను చేర్చాలనుకుంటే, 2012 సవరణతో వచ్చిన 31సి సెక్షన్ చూడాలి. మొదటి రికార్డింగు జరిగిన ఏడాది ముగిశాక అయిదేళ్లు గడిస్తేనే ఆ సెక్షన్ కింద ఆ పాటను మన గొంతుతో మళ్లీ పాడి రికార్డు (కవర్) చేయవచ్చు. కాపీలు వేసిన ప్రతి ఏడాదికీ కనీసం 50,000 కాపీల మేరకు రాయల్టీ చెల్లించాలి. చిన్న బృందానికి ఇది మోయలేని భారం కనుక సొంత పాటలకే పరిమితం కావడం ఉత్తమం. విజయవాడ ఆకాశవాణిలో పాడిన పాట ఉంటే రాతపూర్వక అనుమతి తీసుకున్నాకే వాడాలి.

అసలు శ్రమంతా అరుదైన పాటల దగ్గరే ఉంది. ఎవరూ వినలేదన్న ఒక్క కారణంతో ఏ పాటనూ చేర్చకూడదు. ఒక ప్రసిద్ధమైన బాణీ తొలి రూపమో, ఇప్పుడు మన మధ్య లేని సభ్యుడి గొంతో అందులో ఉండాలి. అలాంటివి మూడు నాలుగు చాలు. మన రోహిణి కార్తె ఎండలకూ, వానకాలపు చెమ్మకూ తట్టుకుని మిగిలిన క్యాసెట్‌ను తీసీ తీయగానే ప్లేయర్‌లో పెట్టకూడదు. టేపు మీద తెల్లని బూజు కనిపిస్తే నిపుణుడికే అప్పగించాలి, లేకపోతే ఆ బూజు ప్లేయర్‌కూ, దాని నుంచి మిగతా క్యాసెట్లకూ పాకుతుంది. టేపు శుభ్రంగా ఉంటే ఒకసారి చివరిదాకా చుట్టి, వెనక్కి చుట్టి, ప్లేయర్‌లో టేపును చదివే భాగమైన హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, హెడ్ పక్కనున్న చిన్న స్క్రూను సన్నటి స్వరాలు స్పష్టంగా వినిపించేదాకా మెల్లగా తిప్పి, ఆ తరువాతే 24 బిట్ ఫైలుగా ఎక్కించుకోవాలి. శుద్ధి చేయని ఆ ఫైలును విడిగా దాచాలి. 50 హెర్ట్జ్ కరెంటు రొదను తగ్గించవచ్చు గాని, టేపు సవ్వడిని పూర్తిగా తుడిచేస్తే దానితో పాటు గొంతులోని ఊపిరి కూడా పోతుంది.

కొత్త రికార్డింగులు రెండుకు మించనక్కర లేదు. పాత హిట్‌కు కొత్త బీటు వేసి కొత్త పాట అనడం శ్రోతను చులకన చేయడమే. 1995లో బీటిల్స్ తమ అరుదైన రికార్డింగుల సంకలనం కోసం, 1980లో మరణించిన జాన్ లెనన్ ఇంట్లో పాడి క్యాసెట్‌లో ఉంచిన పాటకు మిగిలిన ముగ్గురి గొంతులూ వాద్యాలూ జోడించి పూర్తి చేశారు. పాతదానికీ కొత్తదానికీ అంతటి నిజమైన సంబంధం ఉండాలి. మీ దగ్గరా పల్లవి దగ్గర ఆగిపోయిన పాట ఉంటే దాన్నే పూర్తి చేయండి. ఇంట్లో రికార్డు చేసేవారు మార్గశిర, పుష్య మాసాలు ఎంచుకుంటే ఫ్యాను, ఏసీ ఆపి కూర్చోవచ్చు.

అరుదైన పాటలన్నిటినీ చివర కుప్పపోయడం మామూలు పద్ధతే అయినా, అలా చేస్తే వాటిని వినేవారు తగ్గిపోతారు. ఒక పాట తొలి రూపాన్ని దాని పూర్తి రూపానికి రెండు మూడు పాటల ఎడంలో ఉంచితే శ్రోత తానే పోల్చుకుంటాడు. మాస్టరింగ్, అంటే పాటలన్నిటి ధ్వనినీ చివరగా సరిచూసి ఒక తీరుకు తెచ్చే పని, మొత్తం ఒకరి చేతే చేయించి, పాత క్యాసెట్ పాటను బలవంతంగా పెంచకుండా కొత్త పాటల ధ్వనినే కొంత దించమని చెప్పాలి. ఇదివరకే విడుదలైన రికార్డింగును మార్చకుండా చేర్చినప్పుడు దాని పాత ఐఎస్ఆర్‌సీనే, అంటే ఒక్కో రికార్డింగును గుర్తించే 12 అక్షరాల సంకేతాన్నే, ఇవ్వాలి.

ఆల్బమ్‌తో ఇచ్చే చిన్న పుస్తకంలో ప్రతి పాటకూ రచయిత, స్వరకర్త, రికార్డు చేసిన సంవత్సరం, ఊరు, వాయించిన ప్రతి ఒక్కరి పేరూ ఉండాలి. మధ్యలో విడిపోయి వెళ్లినవారి పేర్లు మరీ ముఖ్యం. అచ్చుకు పంపే ముందు ప్రూఫును వారికీ చూపించి, పేర్ల వర్ణక్రమం వారి చేతే సరిచూపించుకోవాలి.