పట్టేసిన వెనక బ్రేకులు: నా అనుభవం

చెన్నై వానలకు వీధిలోనే నానిన మా పాత మారుతి 800 వెనక చక్రాలు పట్టేశాయి. హ్యాండ్‌బ్రేక్ దించినా కదల్లేదు. డ్రమ్ (చక్రం వెనకుండే బ్రేకు గిన్నె) మీదున్న రెండు మర రంధ్రాల్లో 8 ఎంఎం బోల్టులు ఎక్కించి, మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగిస్తే ఊడొచ్చింది. సుత్తితో బాదితే డ్రమ్ పగలొచ్చు.

లోపలి దుమ్మును ఊదకండి. పాత లైనింగుల్లో (డ్రమ్‌కు రాసుకునే బ్రేకు పొరల్లో) ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడవడమే మేలు.

అసలు దోషి వీల్ సిలిండర్, అంటే పెడల్ తొక్కినప్పుడు లైనింగులను డ్రమ్‌కేసి నెట్టే భాగం. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కదా, లోపల తుప్పు పట్టి పిస్టన్లు బిగుసుకున్నాయి. గుంటలు పడ్డ సిలిండర్‌కు కొత్త రబ్బర్లు వేయడం దండగ. చెన్నైలో బండి విడిభాగాలు అమ్మే పుదుపేటలో కొత్తవే కొన్నాను. రెండో వైపు విప్పకుండా ఉంచితే స్ప్రింగులు ఎటు తగిలించాలో చూసుకోవచ్చు. చివర్లో తమ్ముడు పెడల్ తొక్కుతుంటే, బుడగలు ఆగేదాకా బ్రేక్ ఆయిల్ గొట్టాల్లోని గాలి తీశాం.